జానెడు దూరంలో కళింగం

పోస్టుకి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. అక్టోబరు మొదటి వారం. ఎండ కాస్తోంది కానీ ఒంటికి తగలటం లేదు. ఎత్తు పదహారు వేల అడుగుల పైమాట. కింది క్యాంపు నుంచి రెండు రోజులు ఎక్కాం. వీపు మీద స్లీపింగ్ బ్యాగు, తాడు, మంచు గొడ్డలి, రైఫిలు, సొంత సామాను ఐదు కిలోలు. ఆ ఐదులో రెండు కిలోలు బెల్లం. బయలుదేరేటప్పుడు మా ఆవిడ పాత చీరముక్కలో మూటకట్టి ఇచ్చింది. అనకాపల్లివాడు ఎక్కడికెళ్ళినా బెల్లం తీసుకెళ్తాడు. అదొక జబ్బు.

పోస్టు పేరు చెప్పను. చెప్పకూడదు. లదాఖ్‌లో ఒక గట్టు అనుకోండి. రాళ్ళు పేర్చి, పైన రేకులు వేసి, రేకుల మీద ఇసక బస్తాలు ఎక్కించిన ఒకే ఒక బంకరు. లోపల ఐదు పడకలు, కిరసనాయిలుతో మండే బుఖారీ పొయ్యి, రేడియో సెట్టు. గట్టు కొసన, ఫర్లాంగు దూరంలో కాపలా గూడు. ఒక మనిషి పట్టేంత. దానికీ బంకరుకీ మధ్య టెలిఫోను తీగ. ఎదుటి గట్టు మీద ఏం కదిలినా చూసి చెప్పటం మా పని. నేనుండే కశింకోటలో షేర్ ఆటో ఎక్కితే ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు, "మామా, ఎంతమందిని కాల్సేవు?" అని. ఒక్కణ్ణీ కాల్చలేదు. ఏడు నెలలు ఒక గట్టుని చూశాను.

నాతో పాటు పోస్టులో నలుగురు. పేర్లు రాయను, పనులతోనే చెబుతాను. పోస్టు కమాండరు ఒక సుబేదార్ సాబు, అయోధ్య వైపు మనిషి. వంటవాడు ఉజ్జయిని వాడు. మందులిచ్చే నర్సింగ్ అసిస్టెంటు మన మాకవరపాలెం వాడు. మొదటి రోజే నా యాస పట్టేసి, "నువ్వు మనోడివి బావా!" అని నా బూట్లు వాడే విప్పాడు. ఆ ఎత్తులో వంగితే ఊపిరి అందదు, కొత్తవాడి బూట్లు పాతవాడు విప్పటం అక్కడి మర్యాద. నాలుగోవాడు రేడియో ఆపరేటరు.

నేను లోపలికి వచ్చేసరికి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. బక్కమనిషి, గడ్డంలో తెలుపు. తిరగకుండానే హిందీలో అడిగాడు.

"ఏ ఊరు?"

"అనకాపల్లి."

"అదెక్కడ?"

"విశాఖపట్నం పక్కన. సముద్రం వైపు."

అప్పుడు తిరిగాడు. నన్ను కిందికీ మీదికీ చూశాడు. "అయితే నువ్వు కళింగం వాడివి. నాది రాజగీర్ పక్క పల్లె. మగధ. మన రెండు ఊళ్ళకీ పాత గొడవ ఉంది. కూర్చో, ముందు టీ తాగు."

అలా మొదలైంది. ఆ రోజు నుంచి అతను నన్ను కళింగ అనే పిలిచాడు. నేను ఉస్తాద్ అన్నాను. సైన్యంలో పని నేర్పే పెద్దవాణ్ణి అలాగే అంటాం. మా మాటలన్నీ హిందీలోనే సాగేవి, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

ఉస్తాద్ పెద్దగా చదువుకోలేదు. వాళ్ళ మామయ్య రాజగీర్‌లో టాంగా తోలేవాడట. చిన్నప్పుడంతా ఉస్తాద్ ఆ బండి వెనక కూర్చుని, యాత్రికులకి గైడ్లు చెప్పే కథలన్నీ విన్నాడు. బింబిసారుడి జైలు ఇక్కడ, అజాతశత్రువు కోట అక్కడ. ఆ రాజుల గురించి తన చిన్నాన్నలూ పెదనాన్నలూ అన్నట్టే మాట్లాడేవాడు. వాళ్ళ తప్పులకి తనే సిగ్గుపడేవాడు. "అజాతశత్రువు తండ్రిని జైల్లో పెట్టి ఆకలికి చంపాడు. ఏం చేస్తాం, మా ఇంట్లో విషయం," అనేవాడు.

నవంబరు మధ్యలో కింది దారి మూసుకుపోయింది. గస్తీలు ఆగాయి. పగలే మైనస్ పదిహేను. బంకరు తలుపు తెరవాలంటే ముందు మంచు తవ్వాలి. నీళ్ళు కావాలంటే మంచు తెచ్చి, బుఖారీ మీద డేగిసాలో కరిగించాలి. డేగిసాడు మంచు కరిగితే గుక్కెడు నీళ్ళు. పోస్టులో అందరూ ఈసడించుకునే పని అదే.

సైన్యంలో ఒక ఆచారం ఉంది. ఏ గస్తీకి వెళ్ళాలన్నా ముందు సాండ్ మోడల్ చెయ్యాలి. వెడల్పాటి పెట్టెలో మట్టి పోసి, వెళ్ళబోయే చోటుని చిన్నదిగా తయారు చేస్తాం. కొండకి రాయి, మంచుకి సున్నం, ఏటికి నీలం దారం. పుల్ల పట్టుకుని కమాండరు చూపిస్తాడు, ఇక్కడ ఎక్కాలి, ఇక్కడ వంగాలి అని. మా పోస్టులోనూ రేషను పెట్టె చెక్కలతో చేసిన మోడల్ ఉంది. గస్తీలు ఆగాక అది మూల పడింది. ఒక రోజు డ్యూటీ దిగి వచ్చేసరికి ఉస్తాద్ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. లదాఖ్ కొండలన్నిటినీ అరచేత్తో చదును చేసేశాడు. పాత స్వెట్టరు నూలు విప్పి గంగానది పరిచాడు. దాంట్లో శోణ నది కలిపాడు. ఐదు గులకరాళ్ళు గుండ్రంగా పేర్చాడు. అది రాజగృహం, ఐదు కొండల మధ్య ఊరు.

"ఏటిది బావా?" అన్నాడు మా మాకవరపాలెం వాడు నాతో. "పిచ్చేటి ఈడికి?"

సుబేదార్ సాబు కేకలేస్తాడనుకున్నాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి, "కోసల ఎక్కడ?" అన్నాడు. అంతే, పోస్టంతా దిగిపోయింది.

ఎవరి ఊరి రాజ్యం వాళ్ళది. కోసల సాబుది, గుర్తుగా ఆయన కోటు బొత్తాం. అవంతి వంటవాడిది, గుర్తు ఎండుమిరపకాయ. మగధ సైన్యానికి రేడియో బ్యాటరీ మీది నీలం మూత. గంగకి ఉత్తరాన వజ్జి గణరాజ్యం. దానికి మనిషి లేడు, కట్టగట్టిన అగ్గిపుల్లలు ఉన్నాయి. కింద కుడి మూల, సముద్రం ఒడ్డున, కళింగం. దానికి నా బెల్లం మూటలోంచి ఒక గడ్డ తీసి పెట్టాను. ఆ చలికి రాయిలా బిగుసుకుపోయింది. వంటవాడు టీలో వెయ్యాలంటే సుత్తితో కొట్టేవాడు.

ఉస్తాద్ రోజూ సాయంత్రం కథ చెప్పేవాడు. ఎలా జరిగిందో అలాగే చెప్పాలి, తన మగధకోసం మార్చకూడదు. ఓడిన రాజ్యం వాడు ఆ వారమంతా మంచు కరిగించాలి. న్యాయం చెప్పటానికి సాబు ఉన్నాడు. ఆయన ఒకే ఒక్క నియమం పెట్టాడు. "ఎవరైనా ప్రశ్న వేస్తే, జవాబు చెప్పేదాకా సైన్యం కదలకూడదు."

ముందు పడింది సాబే. బింబిసారుడు కోసల ఆడపిల్లని చేసుకున్నాడు, అరణంగా కాశీ దగ్గర ఒక ఊరొచ్చింది. కొడుకు అజాతశత్రువు తండ్రిని చంపేసరికి కోసల ఆ ఊరు వెనక్కి లాక్కుంది. కొట్టుకున్నారు, రాజీ పడ్డారు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. చివరికి మొత్తం మగధలో కలిసిపోయింది. నీలం మూత పోయి బొత్తాం మీద కూర్చుంది. మర్నాడు పొద్దున్న సాబు స్వయంగా డేగిసా ఎత్తుకుని మంచుకి వెళ్ళాడు. మేం వద్దంటే కసిరాడు. "కోసల మాట మీద నిలబడుతుంది," అన్నాడు.

వజ్జి వంతు వచ్చినప్పుడు ఉస్తాద్ కథ చెప్పలేదు. రెండు రోజులు అసలు ఊసే ఎత్తలేదు. ఒక సాయంత్రం మా మాకవరపాలెం బావని మూలకి పిలిచి చెవిలో ఏదో అన్నాడు. బావ తల ఊపి వచ్చేశాడు.

"ఏం చెప్పాడ్రా?" అన్నాను.

"ఏటీ లేదు బావా. మీ ఊళ్ళో ఎద్దుల్తో దున్నుతారా అని అడిగేడు. దున్నుతారని సెప్పేను."

"అది చెప్పటానికి మూలకి వెళ్ళాలా?"

"నానేటి సేత్తాను? ఆడు పిలిసేడు, ఎళ్ళేను."

నేను నమ్మలేదు. మర్నాడు మళ్ళీ పిలిచాడు. ఈసారి రెండెద్దులా, ఒకటా అని అడిగాడట. ఆ పైరోజు నన్ను పిలిచి, మీ ఊళ్ళో చెరకు ఎప్పుడు కొడతారని గుసగుసగా అడిగాడు. నేను వచ్చి అదే మాట బావకి చెబితే వాడు మొహం తిప్పుకున్నాడు. ఇద్దరం అనకాపల్లి వైపు వాళ్ళం, ఆ కొండమీద తెలుగు మాట్లాడేవాళ్ళం ఇద్దరమే, రెండు రోజులు మాటల్లేవు. మూడో సాయంత్రం ఉస్తాద్ అగ్గిపుల్లల కట్ట తాడు విప్పేశాడు. పుల్లలు చెల్లాచెదురుగా పడ్డాయి.

"అజాతశత్రువు మంత్రి వజ్జిలోకి వెళ్ళి చేసింది ఇదే," అన్నాడు. "ఒక్కొక్కణ్ణీ పక్కకి పిలిచి ఎద్దుల గురించి అడిగాడు. వాళ్ళంతా కలిసి ఉన్నన్నాళ్ళూ మా అజాతశత్రువు ఏమీ చెయ్యలేకపోయాడు. తర్వాత ఊరి తలుపులు మూయటానికి కూడా ఇద్దరు కలిసి రాలేదు."

మా ఇద్దరికీ తల కొట్టేసినట్టయింది. ఆ వారం మంచు మేమే కరిగించాం.

అవంతి చాలాకాలం నిలిచింది. వంటవాడు ఎండుమిరపకాయని ఎంత ప్రేమగా చూసుకున్నాడో! అదీ పోయాక, నీలం మూత నా వైపు తిరిగింది. అప్పటికి జనవరి.

"మౌర్యుల కంటే ముందు నందులు వచ్చారు," అన్నాడు ఉస్తాద్. "నందరాజు మీ కళింగం మీదికి వచ్చి, మీరు పూజించే జినుడి విగ్రహం ఎత్తుకుపోయాడు." అని బెల్లం గడ్డ అంచు గోటితో గిల్లాడు. రాలేదు. సుత్తి తెచ్చి కొట్టాడు. చింతపిక్కంత ముక్క ఊడింది. దాన్ని పాటలీపుత్రంలో, గంగా శోణా కలిసే చోట పెట్టాడు.

నాకు నిజంగానే కోపం వచ్చింది. బెల్లం కోసమా, విగ్రహం కోసమా తెలీదు.

కళింగం పడకూడదని నేను గట్టిగా అనుకున్నాను. మంచు కరిగించటానికి బద్ధకమా అంటే అది కాదు. కళింగం తర్వాత కథ లేదు. అన్ని రాజ్యాలూ అయిపోతాయి, ఆట అయిపోతుంది. దారి తెరవటానికి ఇంకా మూడు నెలలుంది. అందుకని ప్రశ్నలు వేశాను. ఏనుగులకి మేత ఏం పెట్టేవారు? ఇనుము ఎక్కడిది? చంద్రగుప్తుడు నందుల్ని ఎలా కొట్టాడు? ప్రతి ప్రశ్నకీ ఒక సాయంత్రం. నేను కాపలా గూట్లో ఉన్నప్పుడు గంట గంటకీ తీగ పరీక్షించటానికి ఫోను మోగేది.

"కళింగ, వినబడుతోందా?"

"వినబడుతోంది ఉస్తాద్. ఎదర ఏమీ లేదు."

"ప్రశ్న ఏమైనా ఉందా?"

"ఉంది."

"నాకు తెలుసు నువ్వు ఆపుతున్నావని. ఆపు, ఆపు. మగధకి తొందరేం లేదు."

అప్పటికి మా బావ దగ్గర రెండు ముక్కలు నేర్చుకున్నాడు. ఫోను పెట్టేసేముందు తెలుగులో "ఏటి బావా, సలేత్తందా?" అనేవాడు. యాస సరిగ్గా మనదే. ఆ గూట్లో, ముక్కు చివర తిమ్మిరెక్కి, కనురెప్పల మీద మంచు పేరుకుని ఉన్నప్పుడు ఆ మాట వింటే, అనకాపల్లి బెల్లం మార్కెట్లో నిలబడ్డట్టుండేది. అవును, చలేస్తోంది అని నేనూ తెలుగులోనే అనేవాణ్ణి.

ఒక రోజు మాటల్లో బొజ్జన్నకొండ గురించి చెప్పాను. మా ఊరికి దగ్గరే, శంకరం పక్కన. కొండరాతిలో తొలిచిన గుహలు, లోపల కూర్చున్న బుద్ధుడు. పక్క కొండ నిండా రాతి స్తూపాలు. అవి స్తూపాలని మా పెద్దవాళ్ళకి తెలీదు, లింగాలనుకున్నారు, లింగాలకొండ అని పేరు పెట్టారు. కనుమ నాడు అక్కడ తీర్థం, జాతరలాంటిది. అక్కడున్న బొజ్జ బొమ్మని ఊళ్ళవాళ్ళు రాక్షసుడనుకుని రాళ్ళు వేసేవారు. చిన్నప్పుడు నేనూ వేశాను. గురి బాగుండేది కూడా.

ఉస్తాద్ నవ్వటం మొదలుపెట్టాడు. ఆ ఎత్తులో అంత నవ్వకూడదు, దగ్గు వస్తుంది. దగ్గుతూనే నవ్వాడు.

"అశోకుడు మిమ్మల్ని ఓడించాడు. ఏడ్చాడు. బుద్ధుడి దారి పట్టాడు. ఆ దారి మా వైపు నుంచి మీ కొండదాకా వచ్చింది. మీరేమో వచ్చినవాణ్ణి రెండు వేల ఏళ్ళుగా రాళ్ళతో కొడుతున్నారు! కళింగ, యుద్ధం అయిపోయిందని మీ ఊళ్ళో ఎవరూ చెప్పలేదా?"

"చెప్పలేదు ఉస్తాద్."

"నేనొచ్చి చెబుతాను. వచ్చే కనుమకి వస్తాను. ఆ బొమ్మ పక్కన నిలబడతాను. మగధ తరఫున ఒక రాయి వేయించుకుంటాను, గొడవ తీరిపోతుంది. చిన్న రాయి వెయ్యమను."

మా ఆవిడ వారానికోసారి శాటిలైట్ ఫోనులో రెండు నిమిషాలు దొరికేది. ఈ సంగతి చెబితే, "తీసుకురండి. బూరెలొండుతాను. ఆయన నెయ్యి తింటారేటి?" అంది. తింటానని ఉస్తాద్ పక్కనుంచి అరిచాడు. భాష తెలీకుండానే ఎలా అర్థమైందో!

ఫిబ్రవరిలో నీలం మూత మహానది దారం దాటింది. బెల్లం గడ్డకి జానెడు దూరంలో ఆగింది. ఇక నా దగ్గర ఒక్క ప్రశ్నే మిగిలింది. అదే వేశాను.

"ఉస్తాద్, మా విగ్రహం తిరిగి వచ్చిందా?"

అతను కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "మంచి ప్రశ్న. దీనికి జవాబు ఉంది. ఇక్కడ చెప్పను. మీ కొండమీద చెబుతాను."

"అయితే సైన్యం కదలకూడదు," అన్నాడు సాబు.

"కదలదు సాబ్," అన్నాడు ఉస్తాద్.

మర్నాడు మధ్యాహ్నం అతను రేడియో దగ్గరనుంచి లేవలేకపోయాడు. దగ్గు మామూలే అనుకున్నాం. మా బావ ఛాతీ మీద చెవి పెట్టి విని, నా వైపు చూశాడు. వాడి మొహంలో నవ్వు లేకపోవటం అదే మొదటిసారి చూశాను.

"ఊపిరితిత్తుల్లో నీరు సేరింది బావా. గురగురమంటంది. పెదాలు సూడు, నీలంగా తిరిగిపోయేయి. కిందకి దించెయ్యాల. ఇక్కడుంటే కట్టం."

సాబు రేడియో పట్టుకుని హెలికాప్టరు అడిగాడు. కిందినుంచి జవాబు, మబ్బు దిగి ఉంది, గాలి ఎక్కువ, రాలేం, ఆగండి. మోసుకెళ్ళటానికి దారి లేదు, నడుంలోతు మంచు. బావ ఆక్సిజన్ పెట్టాడు. తర్వాత గాలిసంచి దించాడు. అది మనిషి పట్టేంత పొడుగు సంచి. లోపల పడుకోబెట్టి, జిప్పు మూసి, కాలి పంపుతో గాలి నింపుతూ ఉంటే, లోపల గాలి చిక్కబడి, కింది ఊళ్ళో ఉన్నట్టు ఊపిరి ఆడుతుంది. పంపు ఆపకూడదు. మొహం దగ్గర పారదర్శకమైన చిన్న కిటికీ ఉంటుంది.

మేం నలుగురం వంతులేసుకుని తొక్కాం. ఆ సాయంత్రం, ఆ రాత్రి, మర్నాడు పగలంతా. నేను తొక్కేటప్పుడు కిటికీ నా వైపే ఉండేది. మాట వినబడదు. పెదాలు కదిలితే కనబడుతుంది. రెండో రోజు మధ్యాహ్నం అతను కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టాడు. చెయ్యి ఎత్తాడు. వేళ్ళు బాగా విప్పి, బొటనవేలు కిటికీకి ఒక పక్క, చిటికెనవేలు ఇంకో పక్క ఆనించాడు. జాన. కళింగానికి ఇంకా జానెడు దూరం అని చెబుతున్నాడు. కళ్ళు నవ్వుతున్నాయి.

"ప్రశ్న ఉంది ఉస్తాద్!" అని అరిచాను. వినబడిందో లేదో.

"తొక్కు బావా," అన్నాడు మాకవరపాలెం వాడు. "ఏడిసేవంటే నీకూ ఊపిరాడదు. తొక్కు."

మూడో రోజు పొద్దున్న మబ్బు విడిచింది. ఎనిమిదింటికి హెలికాప్టరు శబ్దం. గట్టు కింద మంచు తొక్కి చదును చేసిన చోట దిగింది, రెక్కలు ఆపలేదు. స్ట్రెచరు నేనూ బావా ఎత్తాం. లోపలికి తోస్తుంటే ఉస్తాద్ చేతిగ్లవ్‌లోంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూశాడు. మాట్లాడటానికి లేదు, ముక్కూ నోరూ మూసి మాస్కు. రెక్కల గాలికి మంచు లేచి కళ్ళు కమ్మింది. కళ్ళు తుడుచుకునేసరికి హెలికాప్టరు లోయలోకి వంగిపోయింది.

గుప్పిట తెరిచి చూశాను. చింతపిక్కంత బెల్లం ముక్క. పాటలీపుత్రంలో పెట్టిన ముక్క అది. సంచిలోకి ఎక్కించకముందు ఎప్పుడు తీసుకున్నాడో తెలీదు. నా బెల్లం నాకిచ్చేసి వెళ్ళాడు, వేళాకోళం మనిషి, అనుకున్నాను. నోట్లో వేసుకోబోయి, ఎందుకో మానేసి జేబులో పెట్టుకున్నాను.

రేడియో నాకు అప్పగించారు. రెండు రోజుల తర్వాత, సాయంత్రం ఐదింటి కాల్‌లో ఆ సందేశం వచ్చింది. సందేశం ఏదైనా సరే, రాసుకుని, అక్షరం తప్పకుండా తిరిగి చదివి వినిపించాలి. అది నియమం. అతని సెట్టు, అతని హెడ్‌ఫోన్లు. అతని నంబరు, అతని పేరు, ఆసుపత్రి పేరు, పోయిన వేళ. తిరిగి చదివాను. అవతలివాడు, "సరిగా ఉంది, ఓవర్," అన్నాడు. నేను కూడా "ఓవర్" అన్నాను. సాబు నా భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండా చాలాసేపు నిలబడ్డాడు. వంటవాడు ఎవరి వంతో అడక్కుండా డేగిసా పట్టుకుని మంచుకి వెళ్ళాడు.

మోడల్‌ని ఎవరూ ముట్టుకోలేదు. గస్తీలు మొదలయ్యాక ఇంకో పెట్టె చేసుకున్నాం.

మే నెలలో కొత్తవాళ్ళు వచ్చారు. పోస్టు అప్పగించాలి. రైఫిళ్ళు, తాళ్ళు, రేడియో, డేగిసాలు. కొత్త రేడియో ఆపరేటరు మూలనున్న పెట్టె చూసి ఇదేమిటన్నాడు. చెప్పాను. నియమంతో సహా చెప్పాను. "అయితే మగధ ఎందుకు ఆగిపోయింది?" అన్నాడు. ఒక ప్రశ్నకి జవాబు రావాలని చెప్పాను. అలాగే ఉంచుతానన్నాడు. ఉంచాడో లేదో నాకు తెలీదు.

చండీగఢ్, ఢిల్లీ, తర్వాత రైలు. అనకాపల్లి స్టేషన్లో దిగేసరికి పొద్దున్న ఆరు. ఉక్కపోత. ఒళ్ళంతా చెమట. ఆ చెమటకి కూడా సంతోషం వేసింది. మా ఆవిడ నా మొహం చూసి, చేతిలో సంచి అందుకుంది. తర్వాత, "మీ ఉస్తాద్ కనుమకొస్తారేటి?" అంది. ఫోనులో చెప్పలేకపోయాను మరి. అప్పుడు చెప్పాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. పింఛను వచ్చి కశింకోటలో చెరకు వేసుకుంటున్నాను. బొజ్జన్నకొండకి ఇప్పుడు మెట్లు బాగుచేశారు, గడ్డి వేశారు. కనుమ నాడు ఇప్పటికీ తీర్థం జరుగుతుంది కానీ రాళ్ళు వెయ్యరు. అది దేవుడి కొండని అందరికీ తెలిసింది. యుద్ధం అయిపోయిందని ఎవరో చెప్పేశారన్నమాట. ఉస్తాద్ వచ్చినా ఇప్పుడు రాయి వేసేవాడు దొరకడు.

పోయిన ఏడు కనుమకి మా అమ్మాయి, మాకవరపాలెం బావా, నేనూ కొండ ఎక్కాం. అమ్మాయి కాలేజీలో చరిత్ర చదువుతోంది. పైన కూర్చున్నాక, ఇన్నేళ్ళూ ఎవరినీ అడగని ప్రశ్న దాన్ని అడిగాను. అంతకుముందు అడగబుద్ధి కాలేదు. అది అతను చెప్పవలసిన జవాబు.

"అమ్మా, నందరాజు మన విగ్రహం ఎత్తుకుపోయాడు కదా. అది తిరిగొచ్చిందా?"

"వచ్చింది నాన్నా. అశోకుడి తరవాత ఖారవేలుడని కళింగం రాజు వచ్చేడు. ఆయన మగధ మీదకెళ్ళి ఆ రాజు చేత దండం పెట్టించుకుని, విగ్రహం ఎనక్కి తెచ్చేసేడు. కొండరాతి మీద సెక్కించేడు కూడా."

బావ నా వైపు చూశాడు. వాడికి ముందే అర్థమైంది.

"బావా," అన్నాడు మెల్లగా, "ఆ బెల్లం ముక్క."

అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు హెలికాప్టరులో, మాట రాని మనిషి, కొండదాకా రాలేనని తెలిసిపోయి, నా ప్రశ్నకి జవాబు చెప్పి వెళ్ళాడు. విగ్రహం తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేనేమో వేళాకోళం అనుకున్నాను. కొండమీద, తీర్థం జనం మధ్య, యాభై దాటినవాణ్ణి, వెక్కి వెక్కి ఏడ్చాను. మా అమ్మాయి కంగారుపడి నీళ్ళ సీసా ఇచ్చింది.

ఆ ముక్క నా దగ్గర లేదు. మొదటి వానాకాలంలోనే జేబురుమాల్లో కరిగిపోయింది. బెల్లం కదా, మా ఊరి తేమకి నిలవదు. మిగిలింది ఒక్కటే. పంపు తొక్కుతూనే ఉన్నాను, ఎదురుగా చిన్న కిటికీ, దాని వెనక విప్పిన చెయ్యి. బొటనవేలు ఒక అంచున, చిటికెనవేలు ఇంకో అంచున. చెరకు తోటలో నీళ్ళు కడుతున్నప్పుడు, ఆటోలో వెళ్తున్నప్పుడు, అన్నం ముందు కూర్చున్నప్పుడు, ఆ చెయ్యి వచ్చి నిలబడుతుంది.

సాబు పెట్టిన నియమం ప్రకారం ప్రశ్నకి జవాబు వచ్చేసింది. ఇక సైన్యం కదలొచ్చు. నా దగ్గర వేరే ప్రశ్న లేదు. అసలు కళింగం ఎప్పుడో ఓడిపోయింది, నా కళింగం ఒక్కటే ఓడకుండా మిగిలింది. ఈ గెలుపు నాకొద్దు.

రా ఉస్తాదూ. జానెడే కదా. వచ్చి గెలుసుకో.